సున్నా దగ్గర ఏం రాయాలి

"చదివేది ఆడమనిషైతే ఏమనాలి?" అన్నాడు మా ఆయన ఖుతైబా, వంటింటి గుమ్మానికి ఆనుకుని.

నా ఎడమ చేతిలో సొరపిందె లాంటి కూసా కాయ ఉంది, కుడి చేతిలో గుజ్జు తోడే పొడవాటి ఇనుప ఊచ. పైతొక్కకు చిల్లు పడకుండా లోపలిదంతా తిప్పి తిప్పి లాగాలి. తరవాత బియ్యం, మాంసం కూరాలి. ఎక్కువైతే కాయ పగులుతుంది, తక్కువైతే సొట్ట పడుతుంది. ఇరవై కాయలు అయ్యాయి, ఇంకా ముప్ఫై ఉన్నాయి. శుక్రవారం భోజనం కింది వాటాలో అత్తగారింట్లో. పెట్టిందన్న పేరు ఆవిడది, వండటం నాది.

"దేనికి?" అన్నాను.

"ఏం లేదు, ఊరికే. 'నువ్వింకా ఫారం నింపలేదు' అని పేజీ మీద వస్తుంది."

మా అరబ్బీలో 'నువ్వు నింపలేదు' అంటే చాలు, ఎదురుగా ఉన్నది ఆడో మగో తేలిపోవాలి. తటస్థంగా గొణగడానికి వీల్లేదు. "అది గర్భిణులు చూసే పేజీ కదా? వాళ్లని పట్టుకుని మగాళ్లని పిలిచినట్టు పిలుస్తావా?" అన్నాను. "రెండు వాక్యాలు రాయి, ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. చదివేదెవరో తెలియని చోట 'ఫారం ఇంకా పూర్తి కాలేదు' అను. ఫారానికి ఎవరైనా ఒకటే."

"బాగుంది," అన్నాడు. గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గొళ్లెం పెట్టలేదు. పెట్టి ఉంటే లోపలి చప్పుడు వినపడేదీ కాదు, నాకింత అనుమానం వచ్చేదీ కాదేమో. మరుక్షణం కీబోర్డు టకటకలాడింది. ఆ తరవాత సన్నగా నవ్వు వినిపించింది. ఫారం పూర్తి కాలేదన్న వాక్యంలో నవ్వడానికి ఏముందో నాకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

అతను పని చేసేది ఇక్కడే, అమ్మాన్‌లో, ఒక చిన్న కంపెనీలో. తల్లీబిడ్డల ఆసుపత్రుల కోసం ఒక వెబ్‌సైటు కడుతున్నారు. ఆరు దేశాల వాళ్లు వాడతారట. మొదట అంతా ఇంగ్లీషులో రాసుకున్నారు. ప్రతి పేజీకీ ఒక అచ్చు ఉంటుంది, అచ్చులో అక్కడక్కడా ఖాళీ గడులుంటాయి, ఆ గడుల్లో మనిషి పేరో అంకో వచ్చి పడుతుంది. ఇంగ్లీషు వాడిది సుఖమైన ప్రాణం. వాడికి ఒకటి, లేకపోతే చాలా, అంతే. మాకు ఒకటికో రూపం, రెండుకి దానికంటూ ఇంకో రూపం, మూడు నుంచి పదిదాకా ఒకటి, పది దాటితే మరొకటి. పోయినేడు ఖుతైబా ఇంటికొచ్చి లాప్‌టాప్ నా ముందు పెట్టి, "చూడు ఎలా ఏడ్చిందో" అన్నాడు. 'నీకు ఉన్నాయి' అని ఒక ముక్క, '2' అని ఒక అంకె, 'అపాయింట్‌మెంట్' అని ఇంకో ముక్క. మూడూ అతికించి వదిలేశారు. చెక్కముక్కలు కొట్టి కుర్చీ అన్నట్టుంది.

"ముక్కలు అతికించకు," అన్నాను ఆ రోజు. "ఒక్కో లెక్కకీ నిండు వాక్యం రాయి. అంకె పడాల్సిన చోట గుర్తు పెట్టు. ఆ గుర్తు ఏ భాషలో ఎక్కడికి జరగాలంటే అక్కడికి జరగనీ. పక్కనే ఒక గమనిక కూడా రాయి, ఈ మాట ఎక్కడ కనిపిస్తుందో, చూసేదెవరో. వేరే ఊళ్లో కూర్చుని తర్జుమా చేసే మనిషికి లేకపోతే ఎలా తెలుస్తుంది?"

ఒకప్పుడు నేను రెండేళ్లు బళ్లో అరబ్బీ వ్యాకరణం చెప్పాను. ఆ రోజు చాలా కాలానికి నాలో ఏదో కదిలింది. ఆ తరవాత రోజుకు నాలుగుసార్లు వచ్చి అడగడం మొదలుపెట్టాడు. గిన్నెలు తోముతుంటే, బట్టలు మడతపెడుతుంటే, ఒకసారి నేను స్నానాల గదిలో ఉంటే తలుపు కొట్టి మరీ అడిగాడు. నేను చెప్పేదాన్ని. కొన్నిటికి జవాబు దొరక్క సాయంత్రందాకా నెమరేసి, నా పాత పుస్తకాలు తిరగేసి చెప్పేదాన్ని. "నీదేముంది, నోటి పని. రాసుకోలేక చచ్చేది నేను," అనేవాడు. నేను నవ్వేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీదే నాకు ముందు కోపం వస్తుంది.

మెల్లగా గమనించాను. నేను టీ తీసుకెళ్తే లాప్‌టాప్ మూత సగం దించుతాడు. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో గడ్డం సరిచేసుకుంటున్నాడు. లోపల కూర్చునేవాడికి గడ్డం ఎవరికోసం? ఫోను బోర్లా పెడుతున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఏమీ అడగకుండానే "ఆఫీసు పని, ఆఫీసు పని" అంటున్నాడు. నేను చొక్కాలు వాసన చూశాను. దానికి సిగ్గుపడటం లేదు. సిగరెట్టు వాసన, సబ్బు వాసన తప్ప ఇంకేం లేవు. నాకు నమ్మకం కుదరలేదు. వాసన రానంత దూరంలో ఉన్నా ఉండొచ్చు.

ఒక మధ్యాహ్నం అతను ముఖం కడుక్కుంటుంటే బల్ల మీద ఫోను వెలిగింది. ఆ రోజు మాత్రం బోర్లా పెట్టడం మరిచాడు. 'హూరియా' అని ఉంది. పేరు కూడా స్వర్గంలోని కన్యల పేరే పెట్టుకుంది మహాతల్లి. కింద ఒక్క వాక్యం. 'ఆడవాళ్ల మనసు ఇంతగా తెలిసిన మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు.'

ఫోను వెలుగు ఆరిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా నిలబడే ఉన్నాను.

ఆడవాళ్ల మనసట! పెళ్లయిన ఆరేళ్లలో నాకు తలనొప్పి వచ్చిందని చెప్పకుండా తెలుసుకున్నది ఒక్కసారి లేదు.

అత్తగారి దగ్గర కదిపి చూశాను. ఆవిడ ఆకుకూర వలుస్తూ తలెత్తకుండా అన్నారు, "మగాడు ఫోన్ చూసుకుంటాడు, నువ్వు పొయ్యి చూసుకో. అనుమానం ఇల్లు కూలుస్తుందమ్మా, ఉమ్ ఫవ్వాజ్." వలిచిన కట్ట పక్కన పడేసి, "అయినా నువ్వేం చేస్తుంటావు పైన, పొద్దస్తమానం పుస్తకాలు ముందేసుకుని? ఎవరికోసం చదువు?" అని నా మొహంలోకి చూశారు. అంటే నేను ఆమె కొడుకుని అనుమానిస్తుంటే, ఆమె నన్ను అనుమానిస్తున్నారు. ఆ ఇంట్లో ఎవరి కన్ను ఎవరి మీదుందో లెక్క తేలదు.

ఉమ్ ఫవ్వాజ్ అంటే ఫవ్వాజ్ తల్లి. ఫవ్వాజ్ మా మామగారి పేరు. మా దగ్గర పెద్ద కొడుక్కి తాత పేరు పెడతారు కాబట్టి, నాకు కొడుకు పుడితే ఫవ్వాజ్ అవుతాడు కాబట్టి, పెళ్లి మర్నాటి నుంచే నేను ఉమ్ ఫవ్వాజ్‌ని. ఆ ఫవ్వాజ్ ఇంతవరకూ పుట్టలేదు. పుట్టింది ఒక ఆడపిల్ల, ఎనిమిదో నెలలో, ఏడవకుండా. నాలుగేళ్లయింది. ఆ పిల్ల కోసం మంచం దిగొద్దన్నారని బడి మానేశాను. పిల్ల పోయాక మళ్లీ చేరతానంటే, "ఎందుకు, ఇంకోడు వస్తాడుగా" అన్నారు. ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితం మీద 'పిల్లలు' అని అచ్చులో ఉంటే, ఎదురుగా నీలం సిరాతో '0' వేసి ఉంది. నాకు ఆ సిరా రంగు కూడా గుర్తుంది. పుట్టని కొడుకు పేరుతో నన్ను రోజుకు యాభైసార్లు పిలిచే ఇంట్లో, పుట్టి పోయిన పిల్ల మాట ఒక్కరూ ఎత్తరు.

నీళ్లొచ్చే రోజున బయటపడింది. మా వీధికి వారానికొక్కరోజే నీళ్లు వదులుతారు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. ఉతుకులన్నీ అప్పుడే, కడుగుళ్లన్నీ అప్పుడే. డాబా మీద ట్యాంకులోకి నీళ్లు ఎక్కడం లేదని ఖుతైబా పైకి పరిగెత్తాడు. లాప్‌టాప్ భోజనాల బల్ల మీద తెరిచే ఉంది. నేను తడి చేతులు గౌనుకు తుడుచుకుని కూర్చున్నాను. తప్పే. కూర్చున్నాను.

హూరియా కాసాబ్లాంకాలో ఉంటుంది. ఆసుపత్రుల వాళ్ల తరఫున అరబ్బీ మాటలన్నీ సరిచూసేది ఆమేనట. ఏడాది ఉత్తరాలున్నాయి. పైనుంచి చదువుకుంటూ వచ్చాను, ప్రేమ మాట ఎక్కడ దొరుకుతుందా అని. మొదటిదాంట్లో ఆమె ఏదో అడిగింది. కింద ఖుతైబా జవాబు: 'ముక్కలు అతికించకూడదని నా ఉద్దేశం. ఒక్కో లెక్కకీ నిండు వాక్యం రాయాలి.' ఇంకోటి: 'గర్భిణులు చూసే పేజీలో వాళ్లని మగవాళ్లని పిలిచినట్టు పిలవడం నాకు బాధ కలిగించింది.' బాధ కలిగించిందట! మరొకటి: 'ఫారానికి ఎవరైనా ఒకటే కదా, హూరియా గారూ.' దాని కింద ఆమె నవ్వు బొమ్మలు రెండు. ఆ రోజు గదిలోంచి వినిపించిన నవ్వు ఇదన్నమాట. కూసా కాయ సంగతి కూడా ఉంది. ఖాళీ గడిని కాయతో పోల్చి, ఎక్కువ కూరితే పగులుతుందని నేనే ఎప్పుడో అన్నాను. 'వంటింటి పోలిక వాడినందుకు క్షమించాలి' అని కలిపాడు. వంటింటి గడప లోపలికి కాలు పెట్టని మనిషి.

వరసగా చదువుతూనే ఉన్నాను. ప్రతి మాటా నాదే. నా విసుగు, నా హాస్యం, నేను సాయంత్రందాకా నెమరేసి చెప్పినవి, ఒక్కటీ విడిచిపెట్టలేదు. ఇన్నాళ్లూ చొక్కాల్లో వెతికిన రెండో ఆడది అప్పుడు దొరికింది. అది నేనే.

చివరికి మొన్నటి ఉత్తరం. హూరియా రాసింది: 'ఆరు దేశాల మాటలకీ కలిపి ఒక్కరిని పై అధికారిగా పెట్టాలనుకుంటున్నారు. మీ పేరు చెప్పాను. ఆదివారం మాట్లాడతారు. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ గమనికలు ఆడమనిషి రాసినట్టున్నాయని మొదటి నుంచీ నాకొక అనుమానం. మీ ఇంట్లో ఎవరైనా సాయం చేస్తారా?'

ఖుతైబా జవాబు రెండే వాక్యాలు. 'లేదండీ, అన్నీ నా సొంత ఆలోచనలే. మా ఆవిడకి వంటే లోకం.'

ప్యాంటు మోకాళ్లదాకా తడిసి దిగివచ్చాడు. నన్ను చూశాడు, తెరను చూశాడు. ముందు గొంతు పెంచాడు. "నా లాప్‌టాప్ ఎవరు ముట్టుకోమన్నారు?"

"నేను అవతల ఎవరో ఉందనుకున్నాను," అన్నాను.

ఒక్కసారిగా తేలికపడిపోయాడు. నవ్వాడు కూడా. "పిచ్చిదానా! ఇదా నీ అనుమానం? చదివావుగా, ఏమైనా ఉందా అందులో?"

"ఉంది. నేనున్నాను."

నవ్వు ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చుని బుజ్జగించే గొంతు తెచ్చుకున్నాడు. "చూడు. ఆఫీసులో పదిహేను మంది మగాళ్లం. నీ పేరు అక్కడ పెట్టనా? రోజూ వాళ్ల నోళ్లలో నీ పేరు నానుతుంటే నీకు బాగుంటుందా, నాకు మర్యాదా? నేను నీ పేరు కాపాడాను. మన శుభలేఖ మీద కూడా నీ పేరు లేదు, అప్పుడేమీ అనలేదే?"

నిజమే. లేదు. అతని పేరు బంగారు అక్షరాల్లో ఉంది, పక్కన ఫలానా గారి కుమార్తె అని ఉంది. వధువు పేరు అచ్చు వేయించడం మా వాళ్లలో లేదు. "పేరు ముత్యం లాంటిదే, దాచుకోవాలి," అంది మా మేనత్త. ఇరవై మూడేళ్ల వయసులో నాకు అది గౌరవం లాగే అనిపించింది. దాచిన ముత్యం ఎవరు మెళ్లో వేసుకుని తిరుగుతున్నారో ఇప్పుడు తెలిసింది.

"ఆ పని వస్తే ఇద్దరికీ మేలే కదా," అన్నాడు. "ఆదివారం పదింటికి కాల్. అప్పటికప్పుడు అడుగుతారు. నువ్వు వంటింట్లో ఉండు, తలుపు తీసి ఉంచుతాను. నాకు తట్టకపోతే మన మాటలు వాళ్లకి వినపడకుండా మ్యూట్ నొక్కి నిన్నడుగుతాను. ఎప్పటిలాగే. సరేనా?"

"సరే," అన్నాను. ఆ సరే ఎందుకన్నానో నాకే తెలియలేదు. రెండు రోజులు నా మీద నాకే అనుమానం. భయపడ్డానా, లేక నా మాటలు ఆ పెద్దవాళ్ల ముందు ఒక్కసారి గట్టిగా వినపడతాయన్న ఆశా? పరాయి గొంతులోనైనా సరే అనుకున్నానా?

ఆదివారం పొద్దున అత్తగారు పైకొచ్చి వంటింట్లో బాసింపట్టు వేసుకుని ఆకుకూర మోపు విప్పారు. "చప్పుడు చేయకు ఉమ్ ఫవ్వాజ్, వాడు పెద్దవాళ్లతో మాట్లాడుతున్నాడు," అని గుసగుసగా హెచ్చరించారు. ముందుగదిలో ఖుతైబా, ఇస్త్రీ చొక్కా, దువ్విన గడ్డం. తెర మీద హూరియా, ఇద్దరు పెద్దమనుషులు. హూరియాని మొదటిసారి చూశాను. ఏభై దాటిన మనిషి, మెళ్లో తాడుకు వేలాడే కళ్లద్దాలు, గరుకు గొంతు. వాళ్ల యాస మాకు పావు వంతు అర్థమవుతుంది, మాది వాళ్లకి సగం, అందుకని అందరూ పుస్తకాల భాషలో మాట్లాడుకుంటున్నారు.

మొదటి మూడు ప్రశ్నలకీ ఖుతైబా జవాబులు అప్పచెప్పాడు. బట్టీ బాగానే పట్టాడు. నాలుగోదానికి మాట వినపడకుండా నొక్కి ఇటు తిరిగాడు. నేను ఆకు తుంచుతూనే చెప్పాను. అటు తిరిగి చెప్పాడు. పెద్దమనుషులు తలలూపారు. హూరియా ఊపలేదు. కళ్లద్దాలు పెట్టుకుని అతని వైపు పరీక్షగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను చొక్కాలు చూసిన చూపు అది.

"ఇంకొక్కటే," అంది. "మా ఆసుపత్రిలో పోయిన నెల జరిగింది. ఒకావిడకి బిడ్డ పోయింది. సైటు తెరిచి బిడ్డ పేరు తీసేసింది. వెంటనే పేజీ మీద ఏం వచ్చిందో తెలుసా? 'నీకు 0 పిల్లలున్నారు. టీకాల కోసం బిడ్డను చేర్చు.' ఆవిడ ఫోను గోడకేసి కొట్టింది. ఖుతైబా గారూ, సున్నా దగ్గర మీరైతే ఏం రాస్తారు?"

అతను నొక్కాడు. నా వైపు తిరిగాడు. "సున్నా అయితే ఏం రాయాలి? తొందరగా చెప్పు."

కూసా కాయలప్పుడు అడిగిన గొంతే. ఏ తేడా లేదు. నేను చేతిలో ఆకు కాడ పట్టుకుని అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు తడుతుంది, ఈ క్షణమో మరు క్షణమో తడుతుంది, ఆ నీలం సిరా కాగితాన్ని జేబులో మడిచి పెట్టుకుని నన్ను ఇంటికి తెచ్చింది ఇతనే కదా అని చూశాను.

"ఏంటలా చూస్తావు? అవతల వాళ్లు కాచుకుని ఉన్నారు!"

నేను లేచాను. "ఎక్కడికే?" అన్నారు అత్తగారు. ముందుగదిలోకి నడిచి అతని పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. ఆకు పసరు అంటిన వేలితోనే నొక్కాను, నా గొంతు వాళ్లకి వినపడేలా.

"అక్కడ అంకె వేయకండి," అన్నాను. "ఏ అంకె వేసినా తప్పే. బిడ్డ పేరు తీసేయమని ఆ తల్లిని అడగకండి. పేరు ఉండనివ్వండి, టీకాల కబుర్లు మాత్రం ఆపండి. ఎంతమంది పిల్లలని అడిగిన చోట ఆమె ఎంత చెబితే అంతే రాసుకోండి, మీరు తీసివేతలు చేయకండి. నన్నడిగితే నేను ఒకరని చెబుతాను. ఆసుపత్రి వాళ్లు నాకు సున్నా వేశారు."

 పక్కన ఖుతైబా ఊపిరి నాకు వినపడుతోంది. వంటింట్లో ఆకు తుంచే చప్పుడు ఆగిపోయింది.

హూరియా కళ్లద్దాలు తీసింది. గరుకు గొంతు కొంచెం మెత్తబడింది. "నీ పేరేంటి తల్లీ?"

"మైసూన్."

ఆ ముందుగదిలో, ఇద్దరు పరాయి మగవాళ్ల ముందు, నా పేరు. గోడలేమీ కూలలేదు.

"మైసూన్," అని ఆమె ఒకసారి పలికి చూసుకుంది. తరవాత చూపు నా మీంచి పక్కకు జరిపి మెల్లగా అడిగింది, "మరి ఈ ఏడాదంతా ఆ గమనికలు ఎవరివి?"

ఖుతైబా అలవాటుగా నా వైపు తిరిగాడు.

నేను లాప్‌టాప్‌ను అతని ముందుకు జరిపాను. "ఈ ఒక్కదానికి జవాబు నువ్వే చెప్పు."